మగ్గం గుంట నుండి గడియారపు ముల్లు దాకా
అత్తిబెలె పరిసరాలలో పని విలువల పరిణామం

బెంగళూరు నుండి హోసూరు వైపు సాగే రహదారిపై కర్ణాటక రాష్ట్రపు చివరి పెద్ద ఊరు అత్తిబెలె. ఆనేకల్ తాలూకాకు చెందిన ఈ ఊరు దాటగానే తమిళనాడు ఎల్ల వస్తుంది. 1799లో టిప్పు సుల్తాను పతనానంతరం హోసూరు ప్రాంతం ఇంగ్లీషువారి ఏలుబడిలోని సేలం జిల్లాకు, అత్తిబెలె ప్రాంతం మైసూరు సంస్థానానికి దక్కాయి. పాలకులు వేరైనా ప్రజలు వేరు కాలేదు. ఇంట తెలుగు, సంతలో కన్నడం, ఎల్ల దాటితే తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ చుట్టుపక్కల గ్రామాలలో తరతరాలుగా ఉన్నాయి. మొరసునాడు అని పూర్వులు పిలిచిన సీమ ఇది. బెంగళూరు నిర్మాత కెంపేగౌడ తెలుగులో ‘గంగాగౌరీ విలాసము’ అనే యక్షగానం రచించాడని ప్రతీతి.

ఇట్టి సీమలో గడచిన నూరు సంవత్సరాలలో మారినన్ని పనులు బహుశా దక్షిణ దేశంలో మరెక్కడా ఇంత తక్కువ దూరంలో మారలేదు. తాత మగ్గం నేశాడు లేదా రాగి చేను దున్నాడు. తండ్రి బెంగళూరులోని ప్రభుత్వరంగ కర్మాగారంలోనో, హోసూరు పారిశ్రామిక వాడలోనో చేరాడు. మనుమరాలు ఎలక్ట్రానిక్స్ సిటీలో అమెరికా వారి పగటివేళకు అనుగుణంగా రాత్రివేళ పని చేస్తున్నది. ముగ్గురూ ఒకే కప్పు క్రింద ఉన్న ఇళ్ళు కొల్లలు. ఆ ఇళ్ళలో తరచుగా వినవచ్చే మాట ఒకటే: “ఈ కాలపు పిల్లలకు పని మీద శ్రద్ధ లేదు.” ఈ మాట ఎంతవరకు నిజమో తేల్చాలంటే ఏ తరం వారు దేనిని పని అన్నారో, దానిని దేనితో కొలిచారో, ఆ పని వారికి బదులుగా ఏమిచ్చిందో చూడవలసి ఉంటుంది.

ముందుగా మగ్గం సంగతి. ఆనేకల్ పట్టణం పట్టునేతకు పేరు పొందింది. సమీపంలోని సర్జాపురంలో ఒకప్పుడు సన్నని మస్లిన్ బట్టలు నేసేవారు. దేవాంగులు, తొగటవారు, పద్మశాలీలు ఈ వృత్తిలో ఉన్నవారు. వారిలో పలువురి ఇంటిభాష తెలుగు. నేలలో త్రవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకొని, పడుగు మీద వంగి, నాడె విసిరే నేతగాడికి గడియారంతో పని లేదు. తెల్లవారుజామున వెలుతురు చాలినప్పుడు మొదలయ్యేది, వెలుతురు పోయినప్పుడు ఆగేది. వానాకాలంలో పడుగు చెమ్మగిల్లితే పని నిలిచేది. ముహూర్తాల కాలంలో దీపం పెట్టుకొని నేసేవారు. అమావాస్య నాడు మగ్గం ముట్టుకోరు. చీర ముగిసినప్పుడు పని ముగిసినట్లు. ఎన్ని గంటలు పట్టిందని అడిగేవారు లేరు.

అయితే ఆ చీర వెనుక ఉన్న శ్రమ అంతా నేతగాడిదే కాదు. ఆసు పోసేది, రాట్నం మీద కండెలు చుట్టేది ఇంటి ఆడవారు. కండె అందించేది పిల్లలు. కూలి మాత్రం చీరకు ఇంత అని ఇంటి యజమాని చేతికే వచ్చేది. ఆడవారి పనికి, పిల్లల పనికి వేరే పద్దు లేదు. షావుకారు ఇచ్చిన బయానా తీరేదాకా మరొక షావుకారుకు నేయరాదు. ఆ బయానా తీరడం అరుదు. నేతగాడి స్వేచ్ఛను గురించి వర్ణించేవారు ఈ సంగతిని సాధారణంగా వదలిపెడతారు. ఏ గంటకు కూర్చోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ అతడికి ఉండేది. ఎవరికి నేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉండేది కాదు.

సేద్యంలోనూ అంతే. రాగి, అనుములు ఈ మెట్ట నేలల పంటలు. సోమవారం బసవన్న దినమని ఎడ్లకు కాడి కట్టేవారు కారు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైన ఆయగాళ్ళకు ఏడాది పొడుగునా చేసిన పనికి కళ్ళంలో ధాన్యపు మేర కొలిచి ఇచ్చేవారు. నాగలికర్రు ఎన్నిసార్లు సాగగొట్టాడని కమ్మరిని లెక్క అడగలేదు. పంట బాగా పండితే మేర నిండుగా, పండకపోతే వెలితిగా ఉండేది. మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచిన ఇళ్ళలో పని మరొక విధం. నాలుగవ జ్వరం నుండి లేచిన పురుగు ఒక వారం పాటు పగలనక రాత్రనక ఆకు తింటుంది. ఆ వారం ఇంటిల్లపాదికీ నిద్ర లేదు. గూడు కట్టిన తరువాత తిరిగి తీరిక. పని మనిషిని పిలిచేది, మనిషి పనిని గడియారం చూసి పిలిచేవాడు కాడు.

ఇంగ్లండు దేశపు చరిత్రకారుడు ఇ. పి. థాంప్సన్ 1967లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఇదే తేడాను వివరించాడు. యంత్రాలు రాకముందు అక్కడి చేతివృత్తుల వారు పనిని బట్టి కాలాన్ని లెక్కించేవారనీ, మిల్లులు వచ్చిన తరువాత కాలాన్ని బట్టి పనిని లెక్కించడం అలవాటు చేయబడిందనీ ఆయన చూపించాడు. అక్కడి నేతగాళ్ళు, చెప్పులు కుట్టేవారు సోమవారాన్ని పుణ్యపురుషుడి దినంగా వేళాకోళానికి పేరు పెట్టుకొని పనికి సెలవిచ్చుకునేవారట. మన వైపు ఎడ్లకు దొరికిన సోమవారం అక్కడ మనుషులకు దొరికిందన్నమాట. మిల్లు యజమానులు ఆ సోమవారాన్ని మాన్పించడానికి నానా అవస్థలు పడ్డారు. బద్ధకం అనే నింద ఆనాటిదే. కనుక అది ఒక జాతికో, ఒక తరానికో చెందిన లక్షణం కాదు. ఒక కొలత పోయి మరొక కొలత వచ్చే సంధికాలంలో క్రొత్త కొలతకు లొంగని వారికి పడే పేరు.

పాతకాలపు శ్రమ నిష్ఠను కొనియాడేవారు మరొక సంగతిని కూడా స్మరించాలి. ‘జీతం’ అనే మాట తెలుగువారికి నేడు నెలసరి వేతనం. కన్నడ సీమలో ‘జీత’ అంటే అప్పుకు బదులుగా ఒకరి ఇంట ఏళ్ళ తరబడి వెట్టికి కట్టుబడి ఉండటం అనే అర్థం కూడా ఉంది. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పశువులు కాచేవాడు. ‘నమ్మకస్తుడు, ఎన్నేళ్ళయినా మా ఇల్లు వదలలేదు’ అని భూస్వాములు మెచ్చుకున్న జీతగాళ్ళలో వదలిపోవడానికి వీలులేని వారే ఎక్కువ. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చేసింది. అటు తరువాత కూడా 1990 ప్రాంతంలో ఈ ఆనేకల్ తాలూకాలోనే జీతగాళ్ళను గుర్తించి విడిపించే ఉద్యమం ఒకటి పుట్టి, ‘జీవిక’ అనే పేరుతో రాష్ట్రమంతటా వ్యాపించింది. రాజధానికి బస్సు దూరంలో ఉన్న తాలూకాలో ఆ ఉద్యమం అవసరమైందంటే పాత విలువలలో ఎంత భాగం విలువయో, ఎంత భాగం నిస్సహాయతయో విడదీసి చూడక తప్పదు.

ఇక గడియారం ఈ సీమకు వచ్చిన తీరు. బెంగళూరులో 1884లో స్థాపితమైన ఉన్ని, నూలు, పట్టు మిల్లు తరువాత బిన్నీ వారి యాజమాన్యం క్రిందికి వచ్చింది. ఆ మిల్లు కూత వినపడేంత దూరం ఒక క్రొత్త కాలమానం నెలకొన్నది. పల్లెలకు అంతకన్నా ముందుగా చేరిన కాలమానం బడి గంట. మామిడిచెట్టు కొమ్మకు వ్రేలాడదీసిన ఇనుప పట్టా ముక్కను కొట్టి, ఇది లెక్కల వేళ, ఇది తెలుగు వేళ అని రోజును ముక్కలు చేసింది బడియే. చేను కోతల వేళ బడి మానిన పిల్లవాడిని అయ్యవారు దండిస్తే, తండ్రికి అది వింతగా తోచేది. కోత వేళ కోతకు పోవడం కన్నా శ్రద్ధ ఏముంటుందని అతడి భావం. ఆ ఇద్దరిలో ఎవరూ సోమరితనాన్ని సమర్థించినవారు కారు. ఇద్దరి గడియారాలు వేరు.

స్వాతంత్ర్యానికి కొంచెం ముందు, తరువాత బెంగళూరు ప్రభుత్వరంగ పరిశ్రమల నగరంగా రూపొందింది. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1948లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, 1953లో హిందుస్థాన్ మెషీన్ టూల్స్, 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ నెలకొన్నాయి. ఈ కర్మాగారాలు పనితో పాటు ఒక బ్రతుకునే ఇచ్చాయి. క్వార్టర్సు, ఆసుపత్రి, పిల్లలకు బడి, చవుక ధరల క్యాంటీను, పదవీ విరమణ నాడు భవిష్యనిధి. ‘ఉద్యోగం’ అనే సంస్కృత పదానికి ప్రయత్నం అని అర్థం. మన తండ్రుల తరంలో ఆ మాటకు పర్మనెంటు కొలువు అనే అర్థం స్థిరపడింది. ‘ఉద్యోగం పురుషలక్షణం’ అనే పాత సామెతను వారు ఈ క్రొత్త అర్థంలోనే వాడుకున్నారు. స్త్రీలు కొలువులకు వెళ్ళసాగిన తరువాత ఆ సామెత వినపడటం తగ్గింది. అందుకు విచారించవలసింది లేదు.

ఆ తరం వారి విలువ విధేయత. ఒకే గేటులో ముప్పై ఏళ్ళకు పైగా ప్రవేశించడం వారికి గర్వకారణం. కాని వారి విధేయత మౌనం కాదు. 1980 డిసెంబరు చివర మొదలై 1981 మార్చి వరకు 77 రోజుల పాటు బెంగళూరు ప్రభుత్వరంగ కార్మికులు సమ్మె చేశారు. వేతనాలలో సాటి సంస్థలతో సమానత్వం వారి ముఖ్యమైన కోరిక. లక్షకు పైగా కార్మికులు పాల్గొన్న ఆ సమ్మె కార్మికులు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. పిల్లల నిబద్ధతను ప్రశ్నించే పెద్దలలో పలువురు ఆ రెండున్నర నెలలు జీతం లేకుండా, నగలు కుదువబెట్టి గడిపినవారే.

కాలాన్ని బట్టి పని చేయడం నేర్చుకున్న ఈ సీమవారే కాలాన్ని కొలిచే యంత్రాలు చేయడం చరిత్రలో ఒక విశేషం. 1961లో హెచ్.ఎం.టి. సంస్థ జపానుకు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో చేతిగడియారాల తయారీ ప్రారంభించింది. ఒక తరం పెళ్ళికొడుకులందరి మణికట్టు మీద ఆ గడియారమే. నిజానికి బెంగళూరుకు జపాను వారి పనితీరుతో పరిచయం అంతకు అరవై ఏళ్ళ క్రితమే అయింది. 1890వ దశకపు చివర జంషెడ్జీ టాటా ఇక్కడి వాతావరణం పట్టుకు అనుకూలమని గ్రహించి, జపాను నిపుణులను రప్పించి, బెంగళూరులో ఒక పట్టు క్షేత్రం నెలకొల్పాడు. ఆకు వేసే వేళ నుండి దారం తీసే పద్ధతి దాకా ప్రతిదానికీ ఒక క్రమం ఉండాలన్నది వారు నేర్పిన పాఠం.

హోసూరు వైపు గడియారం వచ్చింది 1980వ దశకంలో. తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామికాభివృద్ధి సంస్థ, టాటాలు కలిసి 1984లో స్థాపించిన టైటాన్ సంస్థ హోసూరులో కర్మాగారం నెలకొల్పింది. దానికి పనివారిని ఎంపిక చేసిన విధానం ఈ వ్యాస విషయానికి కీలకమైనది. సంస్థ అధిపతి జెర్క్సెస్ దేశాయి అనుభవజ్ఞులైన కార్మికులను ఏరి తెచ్చుకోలేదు. గ్రామాల బడులలో అప్పుడే చదువు ముగించిన పదిహేడు, పద్దెనిమిదేళ్ళ బాలబాలికలను తీసుకున్నాడు. ఎన్నడూ ఇల్లు విడవని ఆ పిల్లలకు ఊరిలో ఇళ్ళు ఏర్పాటు చేసి, తల్లిదండ్రుల వలె చూసుకోవడానికి పెద్దవారిని నియమించారు. ఆడపిల్లను పొరుగూరిలో కొలువుకు పంపడానికి తల్లి ఒప్పుకోవాలంటే ఆ ఏర్పాటు తప్పనిసరి. వెంట్రుకవాసి తేడాను పట్టుకోవలసిన పని అది. రాట్నం మీద సన్నని పట్టు పోగు తెగకుండా కండె చుట్టిన ఇళ్ళ నుండి వచ్చిన చేతులకు ఆ ఓర్పు క్రొత్త కాదు. క్రొత్త అయినదల్లా ఒకటే: ఆ చేతుల పని మొదటిసారిగా ఆ చేతుల పేరనే పద్దులో పడింది. మొదటి నెల జీతం అందుకున్న కూతురి మాటకు ఇంటిలో ఎంత బరువు వచ్చిందో ఆనాటి తల్లులకు తెలుసు.

కాలం ఎవరికీ ఆగదన్నట్లు, హెచ్.ఎం.టి. గడియారాల సంస్థను మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016 జనవరిలో నిర్ణయించింది. శాశ్వతమని నమ్మిన కొలువు కళ్ళ ముందు మూతపడటం చూసిన పిల్లలు శాశ్వతత్వాన్ని నమ్మకపోవడంలో వింత ఏముంది?

అదే 2016వ సంవత్సరం ఏప్రిల్‌లో హోసూరు రోడ్డు మీద జరిగిన సంఘటన తరాల తేడాను మరే గ్రంథమూ చూపలేనంత స్పష్టంగా చూపింది. భవిష్యనిధిలో యజమాని జమ చేసిన భాగాన్ని 58 ఏళ్ళు నిండేదాకా తీసుకోరాదని కేంద్రం ఒక నిబంధన తెచ్చింది. ముప్పై ఏళ్ళు ఒకే చోట పని చేసిన ప్రభుత్వరంగ కార్మికుడికి అది సబబైన నిబంధనగానే తోచవచ్చు. వార్ధక్యానికి పొదుపు అన్నది అతడి విలువ. కాని దుస్తుల కర్మాగారాలలో కుట్టుపని చేసే స్త్రీలకు ఆ నిధి వార్ధక్యపు సొమ్ము కాదు. బిడ్డ చదువుకో, పెళ్ళికో, అప్పు తీర్చడానికో కొలువు మాని, ఆ సొమ్ము తీసుకొని, కొన్నాళ్ళకు మరొక చోట చేరడం వారి బ్రతుకు పద్ధతి. ఏ నాయకుడి పిలుపూ లేకుండానే వేలాది స్త్రీలు ఏప్రిల్ 18, 19 తేదీలలో బొమ్మనహళ్ళి వద్ద రోడ్డు మీదికి వచ్చారు. 19వ తేదీ సాయంకాలానికి ప్రభుత్వం నిబంధనను వెనక్కి తీసుకుంది. ‘కొలువు మారడం నిలకడలేనితనం’ అనే మాట వీరి ముందు నిలువదు. నిలకడ కొలువులో లేనప్పుడు వారు దానిని ఇంటిలో నిలబెట్టుకున్నారు.

సంస్కృతుల తేడాకు బిడది సమీపంలోని టయోటా కర్మాగారం ఒక ఉదాహరణ. 1999 చివర అక్కడ ఉత్పత్తి మొదలైంది. పనిలో ప్రతినిత్యం ఏదో ఒక చిన్న మెరుగుదల సాధించాలనే జపాను వారి సూత్రాన్ని మన పత్రికలు ఎంతో ప్రశంసించాయి. కాని 2001లోనూ, 2006లోనూ, 2020–21లోనూ అక్కడ సమ్మెలు, లాకౌట్లు జరిగాయి. జపాను కార్మికుడు క్రమశిక్షణాపరుడు, మనవాడు కాడు అని తేల్చివేయడం సులభం. జపానులో ఆ క్రమశిక్షణకు వెనుక జీవితకాలపు కొలువు అనే హామీ చాలాకాలం ఉండేదన్న విషయాన్ని ఆ తీర్పు చెప్పేవారు మరుస్తారు. పద్ధతిని దిగుమతి చేసుకున్నంత తేలికగా దాని వెనుక ఉన్న ఒడంబడికను దిగుమతి చేసుకోలేము.

అత్తిబెలెకు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో 1978 ప్రాంతంలో కర్ణాటక ఎలక్ట్రానిక్స్ సంస్థ తరఫున ఆర్. కె. బాళిగా సంకల్పించిన ఎలక్ట్రానిక్స్ సిటీ నేడు ఈ సీమ యువతరానికి ప్రధాన గమ్యం. అక్కడ పని ముగిసిందనడానికి చీర లేదు, సైరను లేదు. మనుమరాలు ఇంటికి వచ్చినా పని వెంట వస్తుంది. విచిత్రమేమంటే ఇది మగ్గం ఉన్న ఇంటికి తిరిగి రావడం వంటిదే: ఇల్లే పనిచోటు, వేళాపాళా లేదు, ముగింపు ఎప్పుడో పంపినవారి చేతిలో ఉంటుంది. 2020లో మహమ్మారి కాలాన ఇంటి నుండే పని చేసిన నెలలలో ఈ పోలిక మరీ స్ఫుటమైంది. తండ్రి తరం పోరాడి సంపాదించిన హద్దు, అనగా 1948 కర్మాగారాల చట్టం విధించిన వారానికి 48 గంటల పరిమితి, ఆ తాతకు తెలియదు, ఈ మనుమరాలికి దక్కలేదు. మధ్యతరం వారికే అది దక్కింది. ఆ హద్దును సహజమైనదిగా భావించడం వారి అదృష్టం. 2023లో కర్ణాటక శాసనసభ వారపు పరిమితిని అలాగే ఉంచి, కర్మాగారాలలో దినానికి 12 గంటల దాకా పని చేయించడానికి వీలు కల్పిస్తూ సవరణ చేసింది.

అదే 2023వ సంవత్సరం అక్టోబరు చివరి వారంలో ఎలక్ట్రానిక్స్ సిటీలోనే ప్రధాన కార్యాలయం గల ఇన్ఫోసిస్ సంస్థ స్థాపకుడు నారాయణమూర్తి, దేశ యువత వారానికి 70 గంటలు పని చేయాలని అభిప్రాయపడ్డారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం జర్మనులు, జపానీయులు అట్లే చేశారని ఆయన ఉదాహరణ. 1946లో జన్మించిన ఆయన తరం ఆ మాటను ఒక కృషివలుని అనుభవ వాక్యంగా స్వీకరించింది. యువతరం మాత్రం ఆ గంటల లాభంలో తమ వంతు ఎంత అని అడిగింది. తాను నిర్మించిన సంస్థ కొరకు ఒకరు పడిన శ్రమకు, ఎప్పుడైనా తొలగించగల కొలువులో మరొకరు పడే శ్రమకు గంటల లెక్క ఒకటే కావచ్చు, అర్థం ఒకటి కాదు. యువతరం అడిగిన ఆ ప్రశ్న అవిధేయత అనిపించుకోదు.

ఆ చర్చ పత్రికలలో సాగుతున్న నాటికి అత్తిబెలె మరొక వార్తతో దేశమంతటా తెలిసి ఉంది. అదే నెల 7వ తేదీ శనివారం మధ్యాహ్నం ఊరిలోని ఒక బాణాసంచా దుకాణంలో, లారీ నుండి సరుకు దించుతున్న సమయంలో నిప్పంటుకుంది. ఆనాడే 14 మంది మరణించారు. తరువాత ఆసుపత్రిలో మరికొందరు. మృతులలో అధికులు ధర్మపురి, తిరువణ్ణామలై, కళ్ళకురిచ్చి జిల్లాల గ్రామాల నుండి వచ్చిన యువకులు. వారిలో విద్యార్థులు ఎందరో. పండుగ అమ్మకాల కాలంలో కొన్ని వారాలు కూలి చేసి, ఆ సొమ్ముతో చదువు ఖర్చులు గడుపుకోవాలని ఎల్ల దాటి వచ్చినవారు. దీపావళి అమావాస్యకు ఇంకా అయిదు వారాలు ఉన్నాయి.